నాలుగు అట్లకాడలు - ఒక వెయిటు

మా వంటింట్లో అట్లకాడలు నాలుగున్నాయి. నాలుగూ నేను కొన్నవి కావు. ఒకటి కాపురానికి వస్తూ తెచ్చుకున్నది, ఒకటి మా అత్తగారిది, ఒకటి నాన్‌స్టిక్ పెనంతో పాటు ఊరికే వచ్చింది. నాలుగోది ఎలా వచ్చిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. కుక్కరు వెయిటు మాత్రం ఒక్కటే. అది కనిపించని రోజున నాలుగు అట్లకాడలూ కలిసినా ఇంత పప్పు ఉడికించలేవు. ఇల్లన్న తర్వాత ఇంతే కాబోలు, లేకపోయినా గడిచేవి నాలుగేసి ఉంటాయి, లేకపోతే గడవనిది ఒక్కటే ఉంటుంది అని ఎప్పుడో వెయిటు వెతుక్కుంటూ అనుకున్నాను. అది దొరగ్గానే ఆ మాట మరిచిపోయాను. మొన్న వేసవి సెలవుల్లో నా కంప్యూటరు మళ్ళీ గుర్తు చేసింది.

నేను నవలలు రాసేది కంప్యూటరు మీదే. బి.ఏ. చదువుకున్నదాన్ని, యంత్రాలంటే భక్తే తప్ప పరిచయం తక్కువ. పొద్దున్నే దాన్ని ఆన్ చేసి, అది లేచేలోగా కాఫీ కలుపుకుని వచ్చేదాన్ని. పోనుపోను అది లేచేలోగా కాఫీ తాగి, గ్లాసు కడిగి, వంకాయలు తరిగి కూడా రావచ్చునన్నంత బద్ధకం పట్టుకుంది దానికి. అది చాలదన్నట్టు, ఎవరైనా వాట్సాప్‌లో ఒక్క ముక్క పంపితే టింగ్ టింగ్ టింగ్‌మని మూడుసార్లు మోత. నవలలో కథానాయిక పుట్టింటి గుమ్మంలో నిలబడి, వెనక్కి తిరగాలా లోపలికి వెళ్ళాలా అని ఆలోచిస్తూ ఉంటుంది. టింగ్! ముగ్గురెవరో ఒకేసారి పిలిచారని హడిలిపోయి చూస్తే ఒక్కరే. మా పెద్దాడపడుచు, "గుడ్ మార్నింగ్" అంటూ మందారపువ్వు. ఈలోగా కథానాయిక ఏ నిర్ణయానికి వచ్చిందో నాకే జ్ఞాపకం ఉండదు.

మావారు ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్సు చూస్తారు. ఏ లెక్కలోనైనా ఒకే అంకె రెండుసార్లు కనిపిస్తే ఆయనకు నిద్ర పట్టదు. ఓ ఆదివారం కళ్ళజోడు సర్దుకుని తెర ముందు కూర్చున్నారు.

"ఇదిగో, చూశావా? ఒకే ఆకుపచ్చ బొమ్మ రెండున్నాయి. ఈ ఊదారంగు బొమ్మ కూడా రెండుంది. డబల్ ఎంట్రీ! అందుకే ఈ గోల" అన్నారు.

ఒక్కొక్కదాన్నీ ఈడ్చుకెళ్ళి చెత్తబుట్ట బొమ్మలో పడేశారు. తెర శుభ్రమైంది. మర్నాడు పొద్దున్న మందారపువ్వు వచ్చింది. టింగ్ టింగ్ టింగ్!

ఆ వారమే మా అమ్మాయి హాస్టలు నుంచి సెలవులకు వచ్చింది. సంగతంతా విని పడి పడి నవ్వింది.

"నాన్నా, నువ్వు తీసేసింది గుమ్మం మీది పేరు పలక. లోపల అద్దెకున్నవాళ్ళు లోపలే ఉన్నారు."

తెర మీద కనిపించే బొమ్మ ప్రోగ్రాము కాదట, దాని దగ్గరికి వెళ్ళే దారి మాత్రమేనట. బొమ్మను తీసేస్తే దారి పోతుంది గాని ప్రోగ్రాము కదలదు. దాన్ని ఖాళీ చేయించాలంటే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, ఇన్‌స్టాల్ చేసిన ఆప్స్ జాబితా తెరిచి, అక్కడ పేరు పట్టుకుని తీసెయ్యాలి. ఆ జాబితా తెరిచి నాకు చూపించింది. అచ్చం పాత రేషన్ కార్డు చూసినట్టుంది. ఎప్పుడో పోయినవాళ్ళు, పెళ్ళిళ్ళయి అత్తారిళ్ళకు వెళ్ళిపోయినవాళ్ళు, ఎవరో తెలియనివాళ్ళు అందరూ ఇంకా మా ఇంట్లోనే ఉన్నారు.

"ఇందులో వాట్సాప్‌లు రెండెందుకున్నాయే?" అన్నాను.

"ఒకటి నాన్న స్టోరు నుంచి దింపింది. రెండోది, నువ్వు బ్రౌజరులో వాట్సాప్ తెరిచినప్పుడు, దీన్ని ఆప్‌గా ఉంచుకుంటారా అని అది అడిగి ఉంటుంది. నువ్వు సరే అని నొక్కి ఉంటావు."

నొక్కే ఉంటాను. మర్యాదగా అడిగినవాళ్ళను కాదనడం నాకు చేతకాదు. ఆ సంగతి మా వీధిలో అప్పడాలమ్మే ఆవిడకు కూడా తెలుసు.

అంటే ఆ రెండూ, పక్కనున్న ఫోనూ కలిసి మూడు టింగులన్నమాట! రెండు బొమ్మలూ కవలల్లా ఉన్నాయి, ఏది ఉంచాలో, ఏది తియ్యాలో ఎలా తెలుస్తుందని అడిగాను. ముఖాలు చూడకూడదు, ఇంటిపేరు చూడాలంది. జాబితాలో పేరు పక్కన అది ఎవరి తాలూకో, ఏ తేదీన వచ్చిందో రాసి ఉంటుందట. చూసింది, బ్రౌజరు తాలూకు దాన్ని తీసెయ్యడానికి వేలు పెట్టింది.

"ఆగు!" అన్నాను. ఎందుకన్నానో తర్వాత చెబుతాను. అప్పటికి "ముందు ఆ ఊదారంగువి చూడు" అని మాట మార్చాను.

ఆ ఊదారంగువి 2020లో మావారు ఇంటి నుంచి పనిచేసిన రోజుల్లో ఆఫీసు వాళ్ళు పెట్టించినవి. మీటింగులకు, కబుర్లకు. ఆయన మళ్ళీ ఆఫీసుకు వెళ్ళడం మొదలుపెట్టినా అవి మాత్రం మా ఇంట్లోనే స్థిరపడ్డాయి. మా అమ్మాయి రెండింటినీ తీసేసింది. మర్నాడు కంప్యూటరు తెరిస్తే ఒకటి మళ్ళీ ప్రత్యక్షం! దేవీ మాహాత్మ్యంలో రక్తబీజుడున్నాడే, నేల మీద పడ్డ ఒక్కో నెత్తుటి బొట్టుకూ ఒక్కో రాక్షసుడు లేచేవాడు, సరిగ్గా అలాగ. మా అమ్మాయి ఈసారి జాబితా అంతా ఓపిగ్గా చదివింది. అడుగున ఇంకో పేరు దొరికింది. అది కబుర్ల ప్రోగ్రాము కాదు, దాన్ని కనే తల్లి. ఈ యంత్రంలోకి ఎవరు లాగిన్ అయినా వాళ్ళకొకటి చొప్పున పెట్టడమే దాని పని. ముందు తల్లిని తీసేసి, ఆ తర్వాత మావారి లాగిన్‌లో ఒకసారి, నా లాగిన్‌లో ఒకసారి పిల్లల్ని తీసేసింది. వరస తప్పితే లాభం లేదు. ఈ కిటుకు మటుకు మీరు కూడా గుర్తుంచుకోండి. తీసేసిన ప్రోగ్రాము మళ్ళీ లేచి వస్తోందంటే, దాన్ని తిట్టి లాభం లేదు, తల్లి ఎక్కడుందో వెతకాలి.

జాబితాలో ఇంకా కిందికి వెళితే స్కైప్ కనిపించింది. నాకు మనసు చివుక్కుమంది.

ఈ కబుర్ల ప్రోగ్రాములకు ఆయుర్దాయం తక్కువండీ. మనం కాలేజీ రోజుల్లో ఇంటర్నెట్ సెంటర్లో గంటకింతని డబ్బు కట్టి కూర్చున్న యాహూ మెసెంజరు 1998లో పుట్టి 2018 జులైలో కన్నుమూసింది. 2005లో వచ్చిన గూగుల్ టాక్ తన చోటు హ్యాంగవుట్స్‌కు ఇచ్చింది, ఆ హ్యాంగవుట్స్ కూడా 2022లో వెళ్ళిపోయింది. 2003లో వచ్చిన స్కైపును 2025 మే 5న మూసేశారు. పాత మాటలు దింపుకోవడానికి 2026 జనవరి దాకా గడువు కూడా ఇచ్చారు. ఆ కబురు నాకు రెండుమూడుసార్లు వచ్చింది. అలాగే, రేపు చూద్దామనుకున్నాను. రేపటికేం, రోజుకొకటి వస్తూనే ఉంటుంది. గడువు మాత్రం ఒకసారే వచ్చి వెళ్ళిపోయింది.

అందులో ఏముందంటారా? న్యూజెర్సీలో ఉండే మా తమ్ముడికి అప్పట్లో ఆఫీసు కంప్యూటరులో అదొక్కటే ఉండేది. 2018లో నా సీరియలు ఒకటి వస్తున్నప్పుడు వారంవారం చదివి, "అక్కా, ఈ మనిషి ఇలా మాట్లాడడు", "అక్కా, ఇక్కడ ఏడిపించావు" అని అందులో రాసేవాడు. నా నవల మీద అంత పట్టుగా దెబ్బలాడినవాళ్ళు మరొకరు లేరు. ఆ దెబ్బలాట ఇప్పుడు ఎక్కడా లేదు. తప్పు నాదే. ఖాళీ డబ్బాలాంటి ఆ ప్రోగ్రాము మాత్రం ఇంకా జాబితాలో కూర్చుని ఉంది. మా అమ్మాయి నా ముఖం చూసి, అడక్కుండానే తీసేసింది.

అప్పుడు చెప్పాను, ఇందాక ఎందుకు ఆగమన్నానో.

మా అమ్మ పోయి రెండేళ్ళయింది. అమ్మకు ఫోనులో తెలుగు కొట్టడం రాదు. మైకు బొమ్మ మీద వేలు నొక్కి పట్టుకుని మాట్లాడితే గొంతే వెళ్ళిపోతుందని మా తమ్ముడు నేర్పాడు. ఇక చూడండి! "ఏమే అమ్మాయ్, అన్నాలయ్యాయా? ఆవకాయ మూడోరోజు తిరగ కలిపావా లేదా? పిల్లకు జ్వరం తగ్గిందా?" చివర ఉత్తరం ముగించినట్టు "ఉంటాను మరి" అనేది. కానీ వేలు తియ్యడం మరిచిపోయేది. అందుకని ఆ తర్వాత ఇంకో అరనిమిషం పాటు అమ్మ ఇల్లు వినిపించేది. కుక్కరు విజిలు, వీధిలో ఆకుకూరల వాడి కేక, అమ్మ తనలో తాను "ఈ బాగోతం ఆపడమెలాగో" అని గొణుక్కోవడం.

నేను వాటిని కంప్యూటరులోనే వినేదాన్ని, దానికి పెద్ద స్పీకర్లున్నాయని. అది తీసేస్తే అమ్మ గొంతు పోతుందేమోనని నా భయం.

మా అమ్మాయి నవ్వలేదు. నా ఫోను తీసుకుని పక్కన కూర్చుంది.

"అమ్మా, అసలు ఇల్లు ఫోను. కంప్యూటరులో ఉన్నవి దానికి గుమ్మాలు. గుమ్మం ఒకటి మూసేస్తే ఇంట్లో సామాను పోదు. నీ ఇంటికి ఎన్ని గుమ్మాలున్నాయో ఫోనే చెబుతుంది, చూడు" అని లింక్‌డ్ డివైసెస్ అన్న చోటు తెరిచింది. ఒక ఫోనుకు అలాంటి గుమ్మాలు నాలుగు దాకా పెట్టుకోవచ్చట. నాకు మూడున్నాయి. రెండు ఈ కంప్యూటరువే. మూడోది నిన్న సాయంత్రం కూడా తెరిచినట్టుంది.

"ఇదెవరిది?"

నాకు గుండె గుభేలుమంది. పది రోజుల కిందట నవల ప్రింటు తీయించుకోవడానికి డి.టి.పి. సెంటరుకు వెళ్ళాను. "వాట్సాప్ కలపండి మేడమ్, ఫైలు దింపుకుంటాను" అన్నాడు అక్కడి కుర్రాడు. తెర మీద గళ్ళగళ్ళ బొమ్మకు ఫోను చూపించాను. ఫైలు దిగింది, ప్రింటు వచ్చింది, డబ్బిచ్చి వచ్చేశాను. తలుపు మాత్రం బార్లా తెరిచే ఉంచాను! ఈ పది రోజుల్లో నేను రాసినవన్నీ కళ్ళ ముందు కదిలాయి. మా చిన్నాడపడుచు గృహప్రవేశానికి కట్టుకున్న చీర గురించి స్నేహితురాలికి రాసిన రెండు వాక్యాలు, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ ఫొటో, డాక్టరుకు పంపిన రిపోర్టులు. ఆ కుర్రాడు చూశాడని అనను, పాపం, తన పనిలో తానుండి ఉంటాడు. కానీ చూడాలనుకుంటే అడ్డేమీ లేదు. మా అమ్మాయి ఆ పేరు మీద నొక్కి లాగౌట్ చేసింది. అంతే, అరక్షణం. ఇంట్లో బీరువాకు రెండు తాళాలు వేసుకునేదాన్ని, ఊళ్ళో ఎక్కడో గుమ్మం తెరిచి పెట్టి వచ్చాను చూడండి!

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది.

"ఇల్లు ఫోను అన్నాను కదా, ఇల్లు గట్టిగా ఉందా అని చూస్తున్నా" అంటూ మా అమ్మాయి ఇంకో చోటు తెరిచింది. మనం పడుకున్నాక వాట్సాప్ మాటలన్నింటికీ ఒక నకలు తీసి మన గూగుల్ ఖాతాలో దాచుకునే ఏర్పాటు ఉంది. నాది చివరిసారి ఎప్పుడు దాచిందో తేదీ ఉంది. చూసింది. నాకు చూపించింది. అది అమ్మ పోవడానికి పది నెలల ముందటి తేదీ.

కారణం వెతికితే, చోటు నిండిపోయింది. ఊరికే ఇచ్చే చోటు 15 జీబీలు. దాన్ని దేంతో నింపాననుకున్నారు? మందారపువ్వులతో! చుట్టాల గుంపు, అపార్టుమెంటు గుంపు, కాలేజీ గుంపు, రచయిత్రుల గుంపు. ఒకే పువ్వు, ఒకే దేవుడు, ఒకే హితవాక్యం రోజూ ఆరు గుంపుల్లోంచి ఆరుసార్లు వచ్చి ఫోనులో కూర్చున్నాయి. వాటిని మొయ్యలేక దాచే పని ఆగిపోయింది. అంటే అమ్మ చివరి పది నెలల గొంతు ఉన్నది ఒక్కచోటే. ఐదేళ్ళ నాటి ఫోను, అద్దం పగిలింది, రెండుసార్లు నీళ్ళ బకెట్టు అంచు దాకా వెళ్ళి వచ్చింది. పనికిరాని ప్రోగ్రాములు నా దగ్గర రెండేసి ఉన్నాయి. అమ్మ గొంతు మాత్రం ఒక్కటే ఉంది.

ఆ రాత్రి ఇద్దరం పువ్వులు ఏరేశాం. మర్నాడు మా అమ్మాయి ఫోనును తీగతో కంప్యూటరుకు కలిపి, గొంతులు దాచుకునే అర తెరిచింది. వాటికి మనుషుల పేర్లుండవు. తేదీ, వరస అంకె, అంతే. ఎవరి గొంతో తెలియాలంటే ఒక్కొక్కటీ వినవలసిందే. పాలవాడు "రేపు రాను మేడమ్" అన్నది, గ్యాసు కుర్రాడిది, మావారు "పెరుగు తెమ్మన్నావా, పాలు తెమ్మన్నావా" అన్నది... వాటి మధ్యలో హఠాత్తుగా "ఏమే అమ్మాయ్!"

రెండు సాయంత్రాలు పట్టింది. అమ్మవి 137 తేలాయి. వాటిని కంప్యూటరులో ఒకచోట, పెన్ డ్రైవులో ఒకచోట పెట్టి, మా తమ్ముడికి కూడా పంపాం. ఫోను చోటు ఖాళీ అయింది గనుక రాత్రి దాచే పని కూడా మళ్ళీ మొదలైంది. అప్పుడు, "ఇక తీసెయ్యి" అని, బ్రౌజరు తాలూకు ఆ రెండో వాట్సాపును నేనే నా చేత్తో తీసేశాను.

ఇంతటితో ఈ కథ అయిపోయిందనే అనుకున్నాను. మర్నాడు పొద్దున్న తమ్ముడి దగ్గర్నుంచి జవాబు వచ్చింది. "అక్కా, నా దగ్గరా అమ్మవి కొన్ని ఉన్నాయి. నీకూ ఉండాలిగా" అని ఓ అరవై దాకా పంపాడు.

నాకొక చిన్న బాధ ఉండేది, ఎవరితోనూ అనలేదు. చివరి రెండుమూడేళ్ళలో అమ్మ నా సీరియళ్ళ సంగతి ఎత్తడం మానేసింది. అంతకుముందు వారంవారం పోస్టుమార్టం చేసేది. ఆవకాయ గురించి అడుగుతుంది, పిల్ల జ్వరం గురించి అడుగుతుంది, నవల మాట మాత్రం రాదు. ఇక చదవడం లేదు కాబోలు, నా రాతలో పస తగ్గింది కాబోలు అనుకునేదాన్ని. అడగడానికి అహం అడ్డం.

తమ్ముడు పంపినవాటిలో ఒకటి ఇలా ఉంది.

"ఒరే, కళ్ళు బొత్తిగా ఆనడం లేదురా. అక్కతో అనకు, అది రాసుకునే వేళ హైరానా పడిపోతుంది. దాని సీరియలు పక్కింటి పిల్ల చేత చదివించుకుంటున్నాను. ఆ పిల్లకు తొందరెక్కువ, మధ్యలో పేరాలు దాటేస్తుంది. నాకు తెలిసిపోదూ? మళ్ళీ మొదటి నుంచి చదివిస్తున్నాను. ఉంటాను మరి."

ఆ తర్వాత అరనిమిషం అమ్మ ఇల్లు. కుక్కరు విజిలు ఒకటి, రెండు...

నా ఫోనును ఎంత భద్రంగా దాచుకున్నా ఇది నాకు దొరికేది కాదు. ఇది వాడి ఇంట్లో ఉంది.

ఇప్పుడు నా కంప్యూటరు కాఫీ కలిపేలోగా లేస్తోంది. టింగ్ ఒక్కసారే మోగుతోంది. మందారపువ్వు వస్తే చూసి, మా పెద్దాడపడుచుకు నమస్కారం పెట్టి, వెంటనే తీసేస్తున్నాను.

మొన్న వంటిల్లు సర్దుతూ నాలుగు అట్లకాడల్లో రెండు మా పనిమనిషికి ఇచ్చేశాను. బజారుకు వెళ్ళినప్పుడు కుక్కరు వెయిటు ఇంకొకటి కొన్నాను.